ముందు నాలుగు మ్యాచ్‌లు ఆడనివ్వండి

మార్చి నెల వచ్చిందంటే మా ఇంట్లో మూడు పనులు ఒకేసారి మీద పడతాయి. పిల్లల పరీక్షలు, ఏడాదికి సరిపడా చింతపండు, ఐపీఎల్. మొదటి రెండూ నా పనులేనని ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు. మూడోదానికి వచ్చేసరికే "నీకెందుకు ఆ లొల్లి" అంటారు. ఎందుకో ఇవాళ చెబుతాను. ఆదివారం, 2025 మార్చి 23న మధ్యాహ్నం ఉప్పల్‌లో మన సన్‌రైజర్స్‌కు రాజస్థాన్‌తో మొదటి మ్యాచ్. మొదటి బంతి పడకముందే నా మనసులో ఉన్నదంతా ఇక్కడ రాసిపెడితే, తర్వాత "నేను ముందే అన్నా" అని ఎవరితోనూ గొడవపడే పని ఉండదు.

నా తల్లిగారిల్లు గద్వాల. అత్తగారిల్లు వనపర్తి. మా ఆడబిడ్డను ఇచ్చింది నాగర్‌కర్నూల్‌లో. 2016లో జిల్లాలు విడదీసినప్పటి నుంచి మాది మూడు జిల్లాల కుటుంబం అయిపోయింది. గద్వాలలో మా తమ్ముడు, నాగర్‌కర్నూల్‌లో మా వదిన, వనపర్తిలో నేను. ముగ్గురం వాట్సాప్‌లో జట్టు గురించి మాట్లాడుకుంటాం. మా తమ్ముడికి ట్రావిస్ హెడ్ అంటే పిచ్చి. వదినకు క్లాసెన్. నాకు మాత్రం మొదటి నుంచీ కుర్రవాళ్ల మీదే కన్ను. ఎవరు ఇంకా ఎదగలేదో, ఎవరి మీద ఇంట్లోవాళ్లు ఆశ వదులుకునేలా ఉన్నారో వాళ్ల మీదే. తల్లి బుద్ధి అనుకోండి.

ముందు పోయినేడాది సంగతి. 2024లో మనవాళ్లు కొట్టిన కొట్టుడు మరిచిపోయేది కాదు. ముంబై మీద 277, బెంగళూరు మీద 287. ఢిల్లీ మీద ఆరు ఓవర్లలోనే 125. ఆ రోజు మా అత్తమ్మ స్కోరు చూసి, "ఇది ఒక్క ఆటదేనా, రెండు ఆటలు కలిపిందా?" అని అడిగింది. అంతా చేసి మే 26న చెన్నైలో ఫైనల్లో 113కే ఆలౌట్ అయ్యాం. హెడ్ మొదటి బంతికే వెళ్లిపోయాడు, అభిషేక్ రెండు పరుగులకు. కోల్‌కతా వాళ్లు పదిన్నర ఓవర్లలో పని ముగించారు. వంట కూడా పూర్తి కాలేదు, మ్యాచ్ అయిపోయింది.

ఇప్పుడు ఎక్కడ చూసినా ఒకటే మాట, "ఈసారి మూడొందలు కొడతారు" అని. నాకు మూడొందల మీద మోజు లేదు. ముప్పైకి మూడు వికెట్లు పడ్డప్పుడు నిలబడేది ఎవరన్నదే నా ప్రశ్న. పండగ పూట ఇరవై మందికి వండడం గొప్పే. కానీ పొయ్యి మీద పెట్టగానే గ్యాస్ అయిపోతే, ఉన్నదాంతోనే నలుగురి కడుపు నింపడం అంతకన్నా గొప్ప. ఆ రెండో విద్య మన జట్టుకు పోయినేడాది ఫైనల్లో కనిపించలేదు.

అందుకే నా బ్యాటింగ్ వరుస ఇలా ఉంటుంది. హెడ్, అభిషేక్ ఓపెనింగ్. దాన్ని ఎవరూ మార్చరు, మార్చకూడదు కూడా. మూడో స్థానంలో ఇషాన్ కిషన్. పదకొండు కోట్ల పాతిక లక్షలు పెట్టి తెచ్చారు. పోయినేడాది బోర్డు కాంట్రాక్టు పోగొట్టుకున్న పిల్లవాడు. కసితో వస్తాడు. నాలుగులో మన నితీశ్ కుమార్ రెడ్డి. అయిదులో క్లాసెన్. ఆరులో కర్ణాటక అభినవ్ మనోహర్‌నా, మధ్యప్రదేశ్ అనికేత్ వర్మనా అన్నదే తేల్చుకోవాలి. ఏడులో కమిన్స్. ఆ తర్వాత హర్షల్ పటేల్, షమీ, స్పిన్‌కు జంపానో రాహుల్ చాహరో. అవసరాన్ని బట్టి ఇంపాక్ట్ ప్లేయర్.

నాలుగో స్థానం నితీశ్‌దే అని నేను ఎందుకు పట్టుబడుతున్నానో చెబుతాను. పోయిన డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 99 మీద ఉండగా అవతల బుమ్రా అవుటయ్యాడు. మిగిలింది ఆఖరి బ్యాట్స్‌మన్ సిరాజ్. బౌలింగ్ చేస్తున్నది ఎవరో కాదు, మన సన్‌రైజర్స్ కెప్టెన్ కమిన్సే. మూడు బంతులు. హైదరాబాద్ పిల్లవాడు ఆ మూడింటినీ కాచుకున్నాడు, విశాఖ పిల్లవాడు సెంచరీ చేశాడు. స్టాండ్స్‌లో వాళ్ల నాన్న ముత్యాల రెడ్డి గారు ఏడుస్తుంటే ఇక్కడ మేమూ ఏడ్చాం. కొడుకు ఆట కోసం హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం వదిలేసుకున్న మనిషి ఆయన. ఉదయపూర్‌కు బదిలీ అయితే, అక్కడికి పోతే పిల్లవాడి ఆట ఆగిపోతుందని. ఆ నాన్న వెనుక ఇల్లు నడిపిన అమ్మ కూడా ఉంటుంది కదా. ఆ నెలల్లో కిరాణా కొట్టు పద్దు ఎలా నడిచిందో మనలాంటి వాళ్లకు చెప్పాల్సిన పని లేదు.

ఇంకో లెక్క చూడండి. నితీశ్‌ను సన్‌రైజర్స్ తీసుకున్నది ఇరవై లక్షలకు. 2023లో రెండు మ్యాచ్‌లు ఆడించారు, బ్యాటింగే రాలేదు. "వీడేం ఆడతాడు" అని అప్పుడే పంపించేయొచ్చు. పంపలేదు. 2024లో 303 పరుగులు చేసి ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు తీసుకున్నాడు. ఇప్పుడు ఆరు కోట్లకు అట్టిపెట్టుకున్నారు. ఆరు కోట్లు అనగానే మా అత్తమ్మ, "ఆరు కోట్లంటే మన దిక్కు ఎన్నెకరాలొస్తయే?" అంది. లెక్క కట్టడం మానేసి చింతపండు గింజలు తీసుకున్నాం. జనవరిలో పక్కటెముకల దగ్గర కండరం పట్టేసి ఇంగ్లండ్ సిరీస్ మధ్యలోనే వెళ్లిపోయాడు. అందుకే మొదట్లో ఒకటి రెండు మ్యాచ్‌ల్లో తడబడితే తడబడొచ్చు. అప్పుడే ఆరో స్థానానికి, ఏడో స్థానానికి దించేసి అలవాటు లేని పని చేయించొద్దనేదే నా మాట.

అభిషేక్ శర్మ కథ దీనికన్నా పెద్ద పాఠం. 2019 నుంచి మన దగ్గరే ఉన్నాడు. మొదటి మూడేళ్లు ఎప్పుడో ఒక మ్యాచ్, ఎక్కడో ఒక స్థానం. 2022లో 426 పరుగులు చేశాడు. 2023లో 226కు పడిపోయాడు, ఆ ఏడాది మన జట్టుదీ ఆఖరి స్థానమే. అప్పుడూ వదల్లేదు. 2024లో 484 పరుగులు, 42 సిక్సర్లు. ఇండియాకు మొదటి మ్యాచ్ జింబాబ్వేలో ఆడి సున్నాకు అవుటయ్యాడు. మర్నాడే సెంచరీ కొట్టాడు. ఆ మర్నాటి మ్యాచ్ ఇవ్వకపోయి ఉంటే? మనకు తెలిసేది సున్నా ఒక్కటే. ఈ మాట నా బుర్రలో చాలా రోజులుగా తిరుగుతోంది. ఎంతమంది పిల్లల గురించి మనకు తెలిసింది ఆ మొదటి సున్నా మాత్రమేనో కదా.

కొత్త పిల్లల్లో నేను చూడాలనుకుంటున్నది ముగ్గురిని. అభినవ్ మనోహర్ పోయినేడాది కర్ణాటక మహారాజా ట్రోఫీలో 52 సిక్సర్లు కొట్టాడు. అనికేత్ వర్మ ముప్పై లక్షల పిల్లవాడు. కోట్ల మధ్యలో ముప్పై లక్షలంటే, పెళ్లిలో గద్వాల పట్టుచీరల మధ్య నూలుచీర కట్టుకుని నిలబడ్డట్టు. కానీ నూలుచీర బాగుండదని ఎవరన్నారు? గద్వాల చీరకు ఒళ్లంతా నూలే కదా, అంచు, కొంగే పట్టు. మూడోవాడు లెగ్ స్పిన్నర్ జీషాన్ అన్సారీ. 2016లో ఇషాన్ కిషన్ కెప్టెన్సీలో అండర్-19 ప్రపంచకప్ ఆడాడు. తోటివాళ్లు ఎక్కడికో వెళ్లిపోయారు. ఇతనికి ఐపీఎల్ పిలుపు రావడానికి ఇన్నేళ్లు పట్టింది. నలభై లక్షలు. క్లాసులో మొదటి వరుసలో కూర్చున్నవాళ్లంతా ఉద్యోగాల్లో చేరిపోయాక, ఇంకా పుస్తకం మూయకుండా చదువుతున్న పిల్లవాడిలా కనిపిస్తాడు నాకు. ఈ ముగ్గురిలో ఎవరిని ఆడించినా సరే, ఒక్క మ్యాచ్‌తో తేల్చేయొద్దు. నాలుగు మ్యాచ్‌లు వరుసగా ఇవ్వండి. ఓడిపోయినా ఇవ్వండి. పద్నాలుగు లీగ్ మ్యాచ్‌ల్లో నాలుగు పెద్ద లెక్కేం కాదు.

భయాలూ ఉన్నాయి. పదకొండేళ్లు మనతో ఉన్న భువనేశ్వర్ ఈసారి బెంగళూరుకు ఆడతాడు. నటరాజన్ ఢిల్లీకి. షమీ వచ్చాడు నిజమే. కానీ ఆపరేషన్ అయి, ఏడాదికి పైగా అంతర్జాతీయ ఆటకు దూరంగా ఉండి తిరిగొచ్చిన కాలు. కమిన్స్‌కు కూడా చీలమండ నొప్పి వల్లే చాంపియన్స్ ట్రోఫీ తప్పింది. ఇద్దరు పెద్దల ఆరోగ్యం మీద నడిచే ఇల్లు ఎట్లుంటుందో మనకు తెలుసు. పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది, రాత్రి దగ్గు వినిపిస్తే గుండె ఝల్లుమంటుంది.

ఇంకో బాధ కూడా దాచుకోను. జట్టు పేరులో హైదరాబాద్ ఉంది. ఇరవై మందిలో తెలుగు పిల్లవాడు నితీశ్ ఒక్కడే. హైదరాబాద్ పిల్లవాడు ఒక్కడూ లేడు. ఎలక్ట్రీషియన్ కొడుకు తిలక్ వర్మ ముంబైకి ఆడతాడు. ఆటో నడిపిన నాన్న పెంచిన సిరాజ్ 2017లో మన సన్‌రైజర్స్‌తోనే ఐపీఎల్ మొదలుపెట్టి, ఒక్క ఏడాదికే వెళ్లిపోయి, ఈసారి గుజరాత్‌కు ఆడబోతున్నాడు. ఏప్రిల్ 6, శ్రీరామనవమి రాత్రి, ఉప్పల్‌లో మన మీదికే బంతి పట్టుకొస్తాడు. పెంచి పెద్ద చేసిన బిడ్డ అత్తగారింటి తరఫున వచ్చి మన గడపలో పద్దు అడిగినట్టుంటుంది. ఆ రోజు ఎవరి వైపు ఉండాలో నేనింకా తేల్చుకోలేదు. ఉగాది రోజు మాత్రం ఏ గొడవా లేదు. 30న విశాఖలో ఢిల్లీతో మ్యాచ్, నితీశ్ సొంత ఊరు. పచ్చడి తాగి, బొబ్బట్లు తిని కూర్చోవడమే.

ఇంతవరకూ జట్టు సంగతి. ఇప్పుడు మా ఇంటి సంగతి, ఎందుకంటే ఈ వ్యాసం అసలు అక్కడే మొదలైంది.

ఫిబ్రవరి 2, ఆదివారం. మధ్యాహ్నం కౌలాలంపూర్‌లో అమ్మాయిల అండర్-19 ప్రపంచకప్ ఫైనల్. మన భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష మూడు వికెట్లు తీసి, 44 పరుగులతో చివరిదాకా నిలబడి కప్పు గెలిపించింది. టోర్నీ మొత్తంలో 309 పరుగులు, ఏడు వికెట్లు. స్కాట్లాండ్ మీద సెంచరీ, ఆ ప్రపంచకప్ చరిత్రలోనే మొదటిది. అదే రోజు రాత్రి ముంబైలో అభిషేక్ ఇంగ్లండ్ మీద 54 బంతుల్లో 135 కొట్టాడు. రెండూ చూశాం. నేను ఎగిరి గంతేస్తున్నా. తొమ్మిదో తరగతి చదివే మా బిడ్డ మాత్రం మెల్లగా అంది: "త్రిష వాళ్ల నాన్న ఆమె ఆట కోసం ఊరే వదిలి సికింద్రాబాద్ వచ్చిండంట. నువ్వు నన్ను గల్లీ దాకా గూడ పంపలే కదమ్మా."

నోట మాట రాలేదు. నిజమే. ఏడో తరగతి దాకా మా గల్లీలో పిల్లలతో కలిసి ఆడేది. ఎడమచేత్తో బ్యాటింగ్. రబ్బరు బంతిని నేరుగా తోస్తే ఎదురింటి గేటుకు తగిలి మోగేది. ఒకరోజు నేనే పిలిచి చెప్పాను, "ఇగ చాలు, పెద్దగవుతున్నవ్" అని. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. అత్తమ్మ అనలేదు, మా ఆయన అనలేదు. వాళ్లు అనకముందే నేను అనేశాను. ఎండకు నల్లబడుతుందన్నాను, మగపిల్లల మధ్య బాగుండదన్నాను, చదువన్నాను. వీడు మాత్రం, మా పెద్దోడు, పదో తరగతి పరీక్షల ముందు వారం దాకా చీకటి పడేవరకు ఆడాడు. వాడికి ఒక్కసారి కూడా చాలు అనలేదు. ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు పరీక్షలు రాస్తున్నాడు. ఆడినందుకు వాడి చదువేం పోలేదు.

అభిషేక్‌కు ఆరేళ్లు ఇచ్చిన యాజమాన్యాన్ని మెచ్చుకుంటూ, నితీశ్‌ను నాలుగో స్థానంలోనే ఆడించాలని వాదిస్తూ, నా ఇంట్లో నా బిడ్డకు నేను ఇచ్చింది గల్లీలో రెండేళ్లు. అవుటైందని కాదు, అవుటవుతుందేమో అన్న భయంతో నేనే వెనక్కి పిలిచాను.

అయితే తప్పంతా నాదొక్కదానిదే అనుకోను. దారి కనపడితే నడిచేవాళ్లు ఉంటారు. మగపిల్లలకు గల్లీ నుంచి ఉప్పల్ దాకా, సన్నదో వెడల్పుదో, ఒక దారి కనిపిస్తుంది. ఆడపిల్లలకు? అమ్మాయిల ప్రీమియర్ లీగ్‌లో అయిదు జట్లున్నాయి: ముంబై, ఢిల్లీ, బెంగళూరు, గుజరాత్, యూపీ. మిథాలీ రాజ్ పెరిగిన హైదరాబాద్‌కు జట్టు లేదు. ప్రపంచకప్‌లో అంత ఆడిన త్రిష పేరు 2025లో ఆ అయిదింటిలో ఏ జట్టులోనూ లేదు. మొన్న 15న ముంబై వాళ్లు కప్పు గెలిచిన రాత్రి నాకు ఇదే గుర్తొచ్చింది. మగవాళ్ల జట్టుకు ఇంత పెట్టుబడి పెట్టే నగరానికి ఆడవాళ్ల జట్టు ఒకటి ఉండాలని అడగడం పెద్ద కోరికేం కాదు. అడగాల్సింది కూడా మనమే. ఉప్పల్ స్టాండ్స్‌లో జెండాలు ఊపేవాళ్లలో ఆడవాళ్లు తక్కువేం లేరు.

జట్టు ఎప్పుడొస్తుందో నా చేతిలో లేదు. గల్లీ నా చేతిలో ఉంది. అందుకని ఈ నెలలో ఒక పని మొదలుపెట్టాను. మా బిడ్డ క్లాసు అమ్మాయిల తల్లులకు ఫోన్లు చేశాను. పదకొండు మందిని అడిగితే అయిదుగురు సరేనన్నారు. ఒకామె "పెళ్లి సంబంధాలప్పుడు ఇవన్నీ అడుగుతరు" అంది. ఆమెను తప్పుపట్టను, రెండేళ్ల కింద నేనూ ఆ మాటే అనుకున్నాను. ఆదివారాలు పొద్దున ఆరు నుంచి ఏడున్నర వరకు, ఎండ ముదరకముందే, ఆరుగురు అమ్మాయిలు ఆడతారు. తల్లుల్లో ఇద్దరం గట్టు మీద కూర్చుంటాం. మొదటి వారం మా బిడ్డ బ్యాటుకు ఒక్క బంతీ సరిగ్గా తగల్లేదు. మధ్యలో రెండేళ్ల అలవాటు తప్పింది కదా. ఇంటికొచ్చి "ఇగ పోను" అంది. ముఖం చిన్నబోయింది.

"నాలుగు వారాలు పో. అప్పటికీ వద్దనిపిస్తే నేను అడగను" అన్నాను.

గింజలు తీస్తున్న అత్తమ్మ చాట పక్కనపెట్టి, "నాలుగేంది, పోనియ్. దానికేం తొందర" అంది. ఆమె నోట ఆ మాట వస్తుందని నేననుకోలేదు. ముందే అడిగి ఉంటే రెండేళ్ల కిందే వచ్చేదేమో.

23న మా ఇంటి కార్యక్రమం ఇది. పొద్దున అమ్మాయిల ఆట. మధ్యాహ్నం మూడున్నరకు మన మ్యాచ్. పెద్దోడి పరీక్షలు 25 దాకా ఉన్నాయి కాబట్టి టీవీకి మాట ఉండదు, బొమ్మ మాత్రమే. ఉడకబెట్టిన పల్లికాయలు, మిగిలిన చింతపండు, అత్తమ్మ వ్యాఖ్యానం. వాట్సాప్‌లో గద్వాల, నాగర్‌కర్నూల్ సిద్ధంగా ఉంటాయి. నా అంచనా అడిగితే, ఈసారి లీగ్‌లో పైనాలుగులో ఉంటాం, కానీ పోయినేడాదంత సాఫీగా కాదు. మొదటి నెలలో రెండు మూడు ఓటములు తప్పవు. అప్పుడు జట్టును అటూ ఇటూ తిప్పితే మొత్తానికే చెడుతుంది.

కాబట్టి కమిన్స్ కెప్టెన్‌కు వనపర్తి నుంచి ఒక గృహిణి విన్నపం: పిల్లల్ని ముందు నాలుగు మ్యాచ్‌లు ఆడనివ్వు నాయనా. మీ ఇంట్లో ఎవరికైనా మీరు తొందరపడి "ఇగ చాలు" అని ఉంటే, ఒకసారి వెళ్లి అడిగి చూడండి. బ్యాటు ఇంకా మంచం కిందే ఉండి ఉంటుంది. మాది అక్కడే దొరికింది.